రాయబార కార్యాలయంలో రోజంతా ఏం చేస్తారు? సోంపేట విద్యార్థినికి జవాబు

అమ్మా,

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. సోంపేట దగ్గర పల్లె. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమం, ఇప్పుడు శ్రీకాకుళంలో డిగ్రీ రెండో సంవత్సరం. బాబాయి గల్ఫ్‌లో వెల్డరు. విదేశాల్లో మన రాయబార కార్యాలయాల్లో పనిచేసేవాళ్లు రోజంతా ఏం చేస్తారు, ఆ ఉద్యోగం ఎలా వస్తుంది, తెలుగులో చదువుకున్న ఆడపిల్లకు అందుతుందా అని అడిగారు. ఇంట్లో "మనకెందుకమ్మా అంత దూరపు ఉద్యోగం" అంటున్నారని చివర్లో రాశారు. ఆ చివరి మాట దగ్గరే మొదలుపెడతాను.

ముందు నేనెవరో చెప్పాలి. నాది విజయనగరం జిల్లా, బొబ్బిలి దగ్గర ఊరు. 1986లో విదేశాంగ మంత్రిత్వ శాఖలో అసిస్టెంటుగా చేరి, ఆరు దేశాల్లో పనిచేసి, 2023లో రిటైరయ్యాను. రాయబారి స్థాయికి వెళ్లలేదు. ఎక్కువ కాలం కాన్సులర్ విభాగంలో, అంటే పాస్‌పోర్టులు, జైళ్లు, ఆసుపత్రులు, శవాగారాల పనిలో గడిపాను. అందుకని నా జవాబు ఆ వైపే మొగ్గుతుంది. విందులూ శిఖరాగ్ర సమావేశాలూ చూసినవాళ్లు వేరే రకంగా చెబుతారు, వాళ్ల మాటా నిజమే.

విదేశీ వ్యవహారం మనకు దూరపు సంగతని నేను ఒప్పుకోను. కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో ఓడలెక్కి రంగూన్ వెళ్లిన కుటుంబాలు మన ప్రాంతంలో ఎన్నో. మా ఊరి ముసలివాళ్లు ఆ ఊరిని "రంగం" అనేవారు. "రంగం వెళ్లాడు" అంటే సంపాదనకు సముద్రం దాటాడని అర్థం. 1942లో జపాన్ సేనలు బర్మాలోకి వచ్చినప్పుడు అలా వెళ్లినవాళ్లలో ఎందరో కొండలూ అడవులూ పట్టి కాలినడకన తిరుగు ముఖం పట్టారు, దారిలో పోయినవాళ్లు పోయారు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి రోజుల్లో, 1947 నుంచి 1951 దాకా, సిలోన్‌లో, అంటే నేటి శ్రీలంకలో, మన హైకమిషనర్‌గా ఉన్న వి.వి. గిరి ఆ వెంటనే 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచారు. ఇప్పుడు కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం వీధుల్లో నడిచి చూడండి. వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు లేని వీధి కనిపించదు. మీ ఇంట్లోనే ఒకరు ఉన్నారు. మీ బాబాయికి రేపు అక్కడ ఏదైనా అయితే ఫోను ఎత్తేది ఈ ఉద్యోగంలో ఉన్న మనిషే. మీ పెద్దవాళ్లకు ఇది చెప్పి చూడండి.

ఇక పని విషయం. దౌత్య సంబంధాల మీద 1961లో వియన్నాలో కుదిరిన ఒప్పందం ఉంది. ప్రపంచమంతా దాని మీదే నడుస్తుంది. రాయబార కార్యాలయం చేయాల్సినవి అందులో రాశారు: అవతలి దేశంలో మన దేశానికి ప్రాతినిధ్యం వహించడం, మన దేశ ప్రయోజనాలనూ మన పౌరులనూ కాపాడడం, సంప్రదింపులు జరపడం, అక్కడి పరిస్థితులను చట్టబద్ధమైన మార్గాల్లో తెలుసుకుని మన ప్రభుత్వానికి నివేదించడం, స్నేహ సంబంధాలు పెంచడం. కాన్సులర్ పనికి 1963 నాటి వేరే ఒప్పందం ఉంది. కామన్వెల్త్ దేశాల్లో అయితే ఆ కార్యాలయాన్ని హైకమిషన్ అంటారు, మిగతా చోట్ల ఎంబసీ. రాజధాని కాని పెద్ద నగరాల్లో కాన్సులేట్లు ఉంటాయి. అన్నీ కలిపి మన దేశానికి రెండు వందలకు పైగానే ఉన్నాయి.

మన పౌరులను కాపాడడం అన్న మాట కాగితం మీద చిన్నది. అది ఎలా ఉంటుందో ఒక్క సంగతి చెబుతాను.

గల్ఫ్‌లో ఒక దేశం. అక్రమంగా ఉన్నవాళ్లను తిప్పి పంపే ముందు ఉంచే కేంద్రం ఒకటి ఉంటుంది, మనవాళ్లు "తర్హీల్" అంటారు. నెలకు రెండుసార్లు వెళ్లి అందులో ఉన్న భారతీయులను కలవడం నా విధి. ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఇనప జాలీ, జాలీకి అవతల మనిషి. చేతిలో ఒక ఫారం. పేరు, తండ్రి పేరు, ఊరు, పోలీసు స్టేషను, పాస్‌పోర్టు నంబరు. ఆ రోజు జాలీకి అవతల నిలబడినతనికి ముప్పై ఏళ్లుంటాయి. పాస్‌పోర్టు కఫీల్, అంటే పనికి పిలిపించుకున్న యజమాని, దగ్గర ఉండిపోయింది. జీతం ఇవ్వక, తిండి సరిగ్గా పెట్టక, అక్కడి నుంచి పారిపోయి నాలుగేళ్లు అకామా, అంటే అక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి పత్రం, లేకుండా తిరిగాడు. దాన్ని వాళ్ల భాషలో "ఖల్లివల్లి" అంటారు. పట్టుబడి అప్పటికి అయిదు నెలలు. పాస్‌పోర్టు నంబరు గుర్తులేదు. నంబరు లేకపోతే ఇతను భారతీయుడేనని జిల్లా పోలీసులు ఊళ్లో విచారించి ధ్రువీకరించాలి. అప్పుడే పాస్‌పోర్టు లేకపోయినా ఇంటికి చేరడానికి పనికొచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్, మనవాళ్ల మాటలో అవుట్‌పాస్, ఇవ్వగలం.

అతని వివరాలు అంతకు ముందే ఒకసారి భారతదేశానికి వెళ్లాయి. "ఈ పేరుతో ఇక్కడ ఎవరూ లేరు" అని తిరిగొచ్చాయి. ఆ వివరాలు కేంద్రం వాళ్లు ఇచ్చిన అరబ్బీ జాబితాలోంచి ఇంగ్లీషులోకి ఎత్తి రాసినవి. అరబ్బీలో "ప" అక్షరం లేదు, "బ" రాస్తారు. అతని ఊరి పేరు రెండు భాషలు మారేసరికి ఏ పటంలోనూ దొరకని మాటగా తయారైంది. ఇంటిపేరు ముందుండడం వల్ల దాన్నే సొంత పేరుగా రాసి, తండ్రి పేరును ఇంటిపేరుగా చేశారు.

నేను తెలుగులో అడిగాను. ఊరి పేరు చెప్పాడు, నేనూ విననిదే. మండలం అడిగితే తడబడ్డాడు. జ్వరంతో ఉన్నాడు, భయంతో ఉన్నాడు. మీ ఇల్లు ఎక్కడ, పక్కన ఏముంటుంది అని అడిగాను. "బీల గట్టు దిగితే మా ఇల్లేనండీ" అన్నాడు.

బీల అంటే మీ సోంపేట వైపు నీళ్లు నిలిచే చిత్తడి నేల అని మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ కార్యాలయంలో అప్పుడున్న పదిమందిలో ఆ మాట తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. మా అక్కను కంచిలిలో ఇచ్చారు. వేసవి సెలవులకు వెళ్లినప్పుడు ఆ నీళ్లలో చేపలు పట్టడం చూసినవాణ్ని. ఫారంలో సోంపేట మండలం అని రాసి, బీల ఏ వైపు ఉంటుందో, అతనికి చదువు చెప్పిన మాస్టారి పేరేమిటో, వీధి చివర ఎవరిల్లు ఉందో అన్నీ అడిగి తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి పంపాను. పదకొండో రోజున ధ్రువీకరణ వచ్చింది. నెల తిరగకముందే అతను విమానం ఎక్కాడు.

ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. తెలుగు మాధ్యమం, పల్లెటూరు అని మీరు రాసిన తీరులో అవి అడ్డంకులన్న భావం కనిపించింది. ఆ రోజు పని జరిగింది వాటి వల్లే. పెద్ద బడిలో చదివిన అధికారులు నాతోపాటు ఉన్నారు, చాలా సమర్థులు, నేను వాళ్ల దగ్గర ఎంతో నేర్చుకున్నాను. అయినా బీల గట్టు వాళ్లకు అందే సంగతి కాదు. దేశం తరఫున విదేశంలో కూర్చునే ఉద్యోగంలో దేశంలోని అన్ని మూలల వాళ్లూ ఉండాలి. మన మూల నుంచి చాలా తక్కువమంది ఉన్నారు. ఈ బాధ నాకు ముప్పై ఏడేళ్లూ ఉంది.

ఎవరైనా అక్కడ చనిపోతే జరిగేది కూడా తెలుసుకోండి. ఈ ఉద్యోగంలో అన్నిటికంటే ఎక్కువసార్లు చేసే కష్టమైన పని అదే. ఆసుపత్రి నివేదిక, పోలీసుల అనుమతి, అక్కడి మరణ ధ్రువపత్రం, ఇంటి నుంచి కుటుంబ సభ్యుల సమ్మతి పత్రం, పాస్‌పోర్టు రద్దు, మన కార్యాలయం ఇచ్చే నిరభ్యంతర పత్రం, శరీరం పాడవకుండా చేసినట్టు ధ్రువీకరణ, ఆ తర్వాత విమానంలో చోటు. వీటిలో ఒక్కటి ఆగినా శరీరం అక్కడే ఆగిపోతుంది. కంపెనీ ఖర్చు భరించకపోతే, కుటుంబానికి శక్తి లేకపోతే, 2009లో ఏర్పాటైన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి భరిస్తాం. పరిహారం ఏమైనా వస్తే మన కార్యాలయం ద్వారా జిల్లా కలెక్టరుకు చేరి వారసులకు అందుతుంది. ఇంటికి ఫోను చేసి మొదటి మాట చెప్పడానికి ఏ శిక్షణా చాలదు. నేను ఒక నియమం పెట్టుకున్నాను: ఫోను ఎత్తిన మనిషి ఎవరో అడిగి తెలుసుకోకుండా విషయం చెప్పను. ఒకసారి అవతల ఎత్తినది తొమ్మిదేళ్ల పిల్ల. అప్పటి నుంచి ఆ నియమం.

మత్స్యకారుల సంగతి మీకు తెలిసే ఉంటుంది. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లిన మన జిల్లాల మత్స్యకారులను పాకిస్థాన్ అదుపులోకి తీసుకుంది. 2020 జనవరిలో ఇరవై మంది వాఘా సరిహద్దు దాటి తిరిగొచ్చారు. మధ్యలో పద్నాలుగు నెలలు. ఆ నెలల్లో తెర వెనక జరిగే పనికి ఒక పద్ధతి ఉంది. రెండు దేశాల మధ్య 2008 మే 21న కుదిరిన ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటారు. ఎంత వైరం నడుస్తున్నా ఆ రెండు తేదీలూ తప్పవు. అరెస్టయినవాళ్లను మన అధికారులు కలవడానికి మూడు నెలల్లో అవకాశం ఇవ్వాలి. కలిసి మాట్లాడాక పౌరసత్వం తేల్చే కాగితాలు ఢిల్లీకి, అక్కడి నుంచి రాష్ట్రానికి, జిల్లాకు, ఊరికి. సముద్రం ఒడ్డున ఒక పల్లెలో ఇంటి గుమ్మం ముందు కానిస్టేబులు నిలబడి "ఇతను మీ వాడేనా" అని అడిగినప్పుడు అది అంతర్జాతీయ ఒప్పందంలో భాగమే.

ఇప్పుడు కాన్సులర్ గది దాటి మిగతా గదుల్లోకి వస్తాను. రాజకీయ విభాగంలో ఉన్నవాళ్లు ఉదయం స్థానిక పత్రికలన్నీ చదువుతారు, పార్లమెంటుకు వెళ్లి వింటారు, మంత్రిత్వ శాఖల్లో మనుషులను కలుస్తారు, సాయంత్రానికి ఢిల్లీకి రాస్తారు. వాణిజ్య విభాగానిది మన ఎగుమతులు, దిగుమతులు, వ్యాపార వివాదాల పని. మీరు పలాస వైపు జీడి కర్మాగారాలు చూసే ఉంటారు. మన పిక్కలు చాలక ఆఫ్రికా దేశాల నుంచి కూడా తెప్పిస్తారు. 80 కిలోల బస్తాకు ఎన్ని పౌండ్ల పప్పు వస్తుందన్న లెక్క మీద ధర నడుస్తుంది. ఒప్పందంలో చెప్పిన లెక్క ఒకటి, రేవులో దిగిన సరుకు ఇంకొకటి అయితే వ్యాపారి మన కార్యాలయానికి ఉత్తరం రాస్తాడు. మేం తీర్పు చెప్పలేం. అవతలి వ్యాపారి అసలు ఉన్నాడా, అక్కడి వాణిజ్య మండలిలో పేరుందా అని కనుక్కుంటాం, రెండు వైపులనూ మాట్లాడుకునేలా చేస్తాం. సంస్కృతి పనిలో 1950లో ఏర్పాటైన భారతీయ సాంస్కృతిక సంబంధాల మండలి సాయం ఉంటుంది. ఒక దేశంలో మా రాయబారి వీడ్కోలు కానుకలు ఏమివ్వాలని అడిగితే చిన్న బొబ్బిలి వీణ తెప్పించి ఇచ్చాను. ఒకే పనస మొద్దును తొలిచి వీణ చేస్తారని చెబితే ఆ దేశపు అధికారి దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూశాడు. అవతలి ప్రభుత్వానికి రాసే లేఖలది ప్రత్యేకమైన మర్యాద. ప్రథమ పురుషలో, అభివాదంతో మొదలై గౌరవ వాక్యంతో ముగుస్తుంది, సంతకం ఉండదు, పొడి అక్షరాలూ ముద్రా ఉంటాయి. తీవ్ర నిరసనను కూడా ఆ మర్యాదలోనే చెబుతారు.

ఈ గదులన్నిటిలో ఉమ్మడిగా ఉండేది రాత. నేను కొత్తగా వెళ్లిన ఒక చోట, పెద్ద ఊరేగింపు జరిగితే చూసి రమ్మని పంపారు. వచ్చి చిత్తుప్రతి రాశాను. "భారీ సంఖ్యలో ప్రజలు పాల్గొన్నారు" అని మొదటి వాక్యం. రాయబారి "భారీ" అన్న మాట కింద గీత గీసి, అంచున ఎర్ర సిరాతో "ఎంతమంది? ఎలా లెక్కపెట్టారు?" అని రాసి వెనక్కి పంపారు. నేను లెక్కపెట్టలేదు. మర్నాడు వెళ్లి ఆ వీధి వెడల్పు అడుగులతో కొలిచాను, వరసకు ఎందరు పడతారో, ఊరేగింపు దాటడానికి ఎంతసేపు పట్టిందో చూసి, అంచనా అంకె వేసి, అది అంచనా అని స్పష్టంగా రాసి ఇచ్చాను. ఆ కాగితం ఢిల్లీకి వెళ్లింది. అక్కడ ఎవరో దాన్ని నమ్మి ఏదో నిర్ణయం తీసుకుంటారు. అందుకే చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు, ఊహ అయితే ఊహ అని రాయాలి. నచ్చే వార్త రాసి పంపేవాడు ఆ కుర్చీలో ఉంటే దేశానికి నష్టం.

అత్యవసర సమయాల గురించి కొంచెం. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లోకి చొరబడినప్పుడు నేను ఢిల్లీలో కింది ఉద్యోగిని. లక్షా డెబ్బై వేల మందికి పైగా భారతీయులను, ఎక్కువమందిని జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా, విమానాల్లో తీసుకొచ్చారు. నా పని జాబితాలు సరిచూడడం. ఒకే పేరు మూడు రకాలుగా ఉంటే అది ముగ్గురా ఒక్కరా తేల్చాలి. బయట ఆ పేరున్న మనిషి భార్య నిలబడి ఉండేది. తర్వాతి కాలంలో యెమెన్ నుంచి 2015లో, ఉక్రెయిన్ నుంచి 2022లో, సూడాన్ నుంచి 2023లో మనవాళ్లను తెచ్చినప్పుడు పత్రికల్లో విమానాల బొమ్మలు వచ్చాయి. ప్రతి విమానం వెనకా ఇలాంటి జాబితాలతో రాత్రంతా కూర్చున్నవాళ్లు ఉంటారు.

ఉద్యోగం ఎలా వస్తుందన్నది ఇక చెబుతాను. రెండు దారులు నాకు బాగా తెలుసు.

మొదటిది యూపీఎస్సీ సివిల్ సర్వీసెస్ పరీక్ష. కలెక్టర్లకూ ఎస్పీలకూ జరిగే పరీక్షే, దరఖాస్తులో ఇండియన్ ఫారిన్ సర్వీసు కావాలని ముందు వరసలో రాయాలి. ఏ డిగ్రీ అయినా చాలు. సాధారణ వర్గానికి 21 నుంచి 32 ఏళ్ల వయసు, ఆరు ప్రయత్నాలు. ఓబీసీలకు 35 ఏళ్ల దాకా, తొమ్మిది ప్రయత్నాలు. ఎస్సీ, ఎస్టీలకు 37 ఏళ్ల దాకా. ఈ సర్వీసుకు ఏటా తీసుకునేది కొద్ది పదుల మందినే, కాబట్టి ర్యాంకు ఎత్తున ఉండాలి. భాష సంగతి జాగ్రత్తగా వినండి. ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. మెయిన్స్ ప్రశ్నలూ అంతే, జవాబులు మాత్రం తెలుగులో రాయవచ్చు. ఇంటర్వ్యూ తెలుగులో ఇవ్వవచ్చు. తెలుగు సాహిత్యం ఐచ్ఛికంగా తీసుకోవచ్చు. మెయిన్స్ 1750, ఇంటర్వ్యూ 275, మొత్తం 2025 మార్కుల మీద ర్యాంకు. ఇవి కాక ఒక భారతీయ భాష, ఇంగ్లీషు పేపర్లలో అర్హత మార్కులు రావాలి. అంటే తెలుగులో రాసినా ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోవడం తప్పదు. ఉద్యోగంలో చేరాక అయితే రాతంతా ఇంగ్లీషులోనే. ఈ విషయంలో మిమ్మల్ని ఊరడించే మాటలు చెప్పను. రోజూ ఒక ఇంగ్లీషు దినపత్రిక సంపాదకీయం చదివి, దాన్ని అయిదు వాక్యాల్లో మీ ఇంగ్లీషులో రాయండి. తప్పులు పోవడానికి ఏడాది పడుతుంది. మీకు ఇంకా ఆ సమయం ఉంది.

ఎంపికయ్యాక ముస్సోరీలో తొలి శిక్షణ, తర్వాత ఢిల్లీలో సుష్మా స్వరాజ్ విదేశీ సేవా సంస్థలో. ఆపైన ఒక విదేశీ భాష ఇస్తారు. అరబ్బీ, చైనీస్, ఫ్రెంచి, రష్యన్, స్పానిష్, జపనీస్ వంటివి. ఆ భాష మాట్లాడే దేశానికి మూడో కార్యదర్శిగా పంపుతారు, భాషా పరీక్ష నెగ్గితేనే ఉద్యోగం ఖాయం. తర్వాత రెండో కార్యదర్శి, మొదటి కార్యదర్శి, కౌన్సెలర్, మినిస్టర్, ఆపైన రాయబారి. మూల వేతనం 56,100 దగ్గర మొదలవుతుంది, విదేశంలో ఉన్నన్నాళ్లు వేరే భత్యం ఉంటుంది.

రెండో దారి నాది. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ జరిపే కంబైన్డ్ గ్రాడ్యుయేట్ లెవెల్ పరీక్షలో విదేశాంగ శాఖ అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసరు పోస్టులు ఉంటాయి. మూల వేతనం 44,900. ఈ దారిన వచ్చినవాళ్లూ విదేశాల్లో పనిచేస్తారు, పదోన్నతులపై అటాషేలుగా (కార్యదర్శుల కింది స్థాయి అధికారులుగా), కార్యదర్శులుగా ఎదుగుతారు. సివిల్స్‌కు చదువుతూ దీన్ని కూడా రాయండి. చిన్న ఉద్యోగమని ఎవరైనా అంటే పట్టించుకోకండి. తర్హీల్ జాలీ ముందు కూర్చున్నది ఈ దారిన వచ్చినవాడే.

ఆడపిల్ల అన్న మాటకు వస్తాను. ఈ సర్వీసులో చేరిన తొలి మహిళ కొడగు ప్రాంతానికి చెందిన సి.బి. ముత్తమ్మ, 1949లో. అప్పట్లో మహిళా అధికారి పెళ్లి చేసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. పెళ్లయ్యాక ఉద్యోగానికి అడ్డమని ప్రభుత్వం తలిస్తే రాజీనామా చేయాలి. మగవాళ్లకు ఆ షరతు లేదు. ఆమె 1970లో హంగేరీకి రాయబారి అయ్యారు. పదోన్నతిలో అన్యాయం జరిగిందని సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1979లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ నిబంధనల్లోని వివక్షను తీవ్రంగా తప్పుపట్టారు. తర్వాత చోకిలా అయ్యర్, నిరుపమా రావు, సుజాతా సింగ్ విదేశాంగ కార్యదర్శులయ్యారు, అంటే ఆ సర్వీసులో అత్యున్నత పదవికి. ఇవన్నీ మీ నాన్నగారికి చెప్పండి. వీటికంటే ఆయనకు బాగా అర్థమయ్యేది ఇంకొకటి ఉంది. గల్ఫ్ ఇళ్లలో పనికి వెళ్లి కష్టాల్లో చిక్కుకుని మా దగ్గరికి పారిపోయి వచ్చిన ఆడవాళ్లు, మగ అధికారి ముందు ఏం జరిగిందో చెప్పలేక తల దించుకుని కూర్చునేవారు. గంటలు గడిచేవి. తెలుగు తెలిసిన ఒక ఆడమనిషి ఆ బల్లకు ఇవతల ఉంటే ఎంత బాగుండునో అని ప్రతిసారీ అనుకున్నాను.

కష్టాలు దాచను. రెండు మూడేళ్లకొకసారి దేశం మారాలి. పిల్లలకు బడి మారుతుంది, స్నేహితులు మారతారు. మా అబ్బాయి పదో తరగతి లోపు అయిదు బడులు చూశాడు. జీవిత భాగస్వామి ఉద్యోగం నిలబడడం కష్టం. కొన్ని చోట్ల నీళ్లు, కరెంటు, మందులు దొరకవు, కొన్ని చోట్ల బాంబులు. రాయబార కార్యాలయ ఉద్యోగులకు రక్షణలు ఉంటాయి గానీ, ఆ దేశపు చట్టాలను గౌరవించాల్సిన బాధ్యత కూడా అదే వియన్నా ఒప్పందంలో రాసి ఉంది. మా నాన్న పోయినప్పుడు నేను విమానాలు మారి బొబ్బిలి చేరేసరికి మూడో రోజు. వందల ఇళ్లకు వాళ్ల మనిషిని చేర్చే ఏర్పాట్లు చేశాను. నా ఇంటికి నేను సమయానికి చేరలేదు. ఇది తెలిసి రండి.

చివరగా రెండు పనులు చెబుతాను. మొదటిది ఈ వారంలోనే చేయాలి. మీ బాబాయి పాస్‌పోర్టు, వీసా, అకామా, కంపెనీ ఒప్పందం నకళ్లు మీ ఇంట్లో ఉన్నాయా చూడండి. లేకపోతే ఫోనులో తెప్పించి భద్రపరచండి. నంబరు ఒక్కటి ఇంట్లో ఉంటే అయిదు నెలల జైలు పదిహేను రోజులవుతుంది. మీ ఊళ్లో కొత్తగా వెళ్లబోయేవాళ్లుంటే విదేశీ ఉద్యోగాలకు వెళ్లేవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఏజెంటుకు లైసెన్సు ఉందా చూడమనండి. లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ. లక్షలు అడిగేవాడు ఎవరో అర్థమవుతుంది. పదో తరగతి పాసవ్వని వాళ్ల పాస్‌పోర్టుకు పద్దెనిమిది దేశాల విషయంలో వలస అనుమతి కావాలి. ఆ దారిన వెళ్తే పది లక్షల ప్రమాద బీమా కూడా వస్తుంది. విజిటింగ్ వీసా మీద వెళ్లి పనిలో చేరితే అవేవీ ఉండవు.

రెండోది మీ కోసం. బీల మీద ఒక పేజీ రాయండి. దాన్ని ఎప్పుడూ చూడని, మన దేశమే తెలియని మనిషికి చెబుతున్నట్టు. ఎక్కడుంది, ఎంత ఉంది, నీళ్లు ఎప్పుడు వస్తాయి, ఎవరు దాని మీద బతుకుతారు. ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో. వెళ్లి చూసి, నలుగురిని అడిగి రాయండి. "చాలా", "ఎంతో", "అందమైన" అన్న మాటలు వాడకండి. అంకె ఎక్కడ దొరికిందో పక్కన రాయండి. పంపితే ఎర్ర సిరాతో దిద్ది పంపుతాను. ఒక్క పేజీ దాటకూడదు.